డొక్క లెక్క
(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాయ ధర గురించి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోక తప్పదు కూడా. అయితే ఈ పూట కాయ లారీ ఎక్కి అంబాజీపేట వెళ్లిపోయాక తోటలో మిగిలేదాని గురించి మాట్లాడుకుందాం. డొక్క, పొట్టు, కమ్మ, మట్ట, కూలిన మాను. వీటికి మన ఖాతా పుస్తకంలో పేజీ లేదు. దింపు కూలి ఎంత, వలుపు కూలి ఎంత, వెయ్యి కాయలకు ఎంత వచ్చింది అని రాసుకుంటాం. డొక్కలు ఎన్ని, ఎక్కడికి పోయాయి, ఎంతకు పోయాయి అని రాసుకునే ఇల్లు పది గ్రామాలు తిరిగినా కనబడదు.

ముందు తూకం చూద్దాం. పండిన కాయను ముక్కలు చేసి తూస్తే వంద పాళ్లలో 35 పాళ్లు డొక్కే. కొబ్బరి 28 పాళ్లు, నీళ్లు 25, చిప్ప 12. అంటే మన చెట్టు కష్టపడి తయారు చేసిన బరువులో అన్నిటికంటే పెద్ద భాగం డొక్క. మనం బేరం ఆడేది మాత్రం ఆ 28 పాళ్ల గురించే. మద్దతు ధర కూడా అక్కడికే వస్తుంది. 2025 సీజనుకు కేంద్రం మిల్లింగ్ కొబ్బరికి క్వింటాలుకు 11,582 రూపాయలు, బాల్ కొబ్బరికి, అదే మన గుండు కురిడీకి, 12,100 రూపాయలు ప్రకటించింది. ఆ ప్రకటనలో డొక్క మాట ఉండదు. ఉండాలని మేము కొత్తగా కోరడం లేదు. కానీ ఆ 35 పాళ్లూ చెత్త కింద పోతున్నాయా, సరుకు కింద పోతున్నాయా అన్నది మనం తెలుసుకోవద్దా?

సరుకు కిందే పోతున్నాయి. డొక్కను మిల్లులో చితకగొడితే వందలో ముప్పై పాళ్లు పీచు, డెబ్బై పాళ్లు పొట్టు వస్తుంది. పీచు విలువ మన తాతల నాటి నుంచీ తెలిసిందే. తాడు, చాప, పరుపు, బ్రష్షు. దానికోసం 1953లోనే పార్లమెంటు చట్టం చేసింది, కాయర్ బోర్డు వచ్చింది, ఆ బోర్డు ప్రాంతీయ కార్యాలయం మన పక్కనే రాజమహేంద్రవరంలో ఉంది. పొట్టు కథ అలా కాదు. ఒకప్పుడు దానికి దిక్కు లేదు. మిల్లు పక్కన గుట్టలు గుట్టలుగా పోసేవారు. వానకు తడిసి కల్లు రంగు మారిపోయినట్టు ఎర్రటి నీరు కారి బోదెల్లోకి, చెరువుల్లోకి దిగేది. ఇప్పుడదే పొట్టును కడిగి, ఆరబెట్టి, అయిదు కిలోల ఇటుకలుగా నొక్కి ఓడలెక్కిస్తున్నారు. మన దేశం నుంచి బయటికి పోయే కాయర్ సరుకుల్లో మొదటి స్థానం ఇవాళ తాడుదీ కాదు, చాపదీ కాదు, ఈ పొట్టుదే. అంత దూరం ఎందుకు, గోదావరి దాటి కడియం వెళ్లి ఏ నర్సరీలోనైనా చూడండి. మొక్క వేరు కింద ఉండేది కోకోపీటు. పేరు మారింది గానీ అది మన డొక్కలోని పొట్టే.

ఎకరం తోట లెక్క వేసి చూద్దాం. ఏడున్నర మీటర్ల దూరంలో వేసిన తోటలో ఎకరాకు డెబ్బై చెట్లు. చెట్టుకు ఏడాదికి ఎనభై కాయలు అనుకుంటే 5,600 డొక్కలు. వెయ్యి డొక్కలకు ఎనభై కిలోల పీచు తీస్తే నాలుగున్నర క్వింటాళ్ల దాకా పీచు. కిలో పీచుకు రెండు కిలోల చొప్పున పొట్టు తొమ్మిది క్వింటాళ్లు. ఇది ఒక్క ఎకరం నుంచి, ఒక్క ఏడాదిలో. తెల్లదోమ వచ్చాక ఎనభై కాయలు ఎక్కడున్నాయండీ అంటారు. నిజమే, మీ తోటలో నలభై ఉంటే సగం వేసుకోండి. అయినా పేజీ ఖాళీగా ఉండదు.

అయితే, డొక్క అంతా అమ్ముకోండి, ధర పెంచమని అడుగుదాం అని చెప్పడానికి మేము ఇక్కడికి రాలేదు. డొక్క మీద మొదటి హక్కు అది పుట్టిన నేలది. ఈ మాట ఎందుకంటున్నామో కాస్త వివరంగా చెప్పాలి.

కాయ కాసే చెట్టుకు ఏడాదికి అర కిలో నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ ఇవ్వాలని సిఫారసు. కొబ్బరి పొటాష్ తిండిపోతు. ఆ 1,200 గ్రాములు అందాలంటే చెట్టుకు రెండు కిలోల ఎంఓపీ వేయాలి. డెబ్బై చెట్లకు 140 కిలోలు, అంటే ఇంచుమించు మూడు బస్తాలు. ఈ ఎంఓపీ మన దేశంలో తవ్వేది కాదు. మొత్తం ఓడల మీద వచ్చేదే. 2022లో రష్యా, ఉక్రెయిన్ల మధ్య యుద్ధం మొదలయ్యాక బస్తా ధర ఎలా ఎగిరిందో ఇంకా మరిచిపోలేదు కదా. ఎక్కడో యుద్ధం జరిగితే అల్లవరంలో కొబ్బరిచెట్టు పస్తు ఉండాల్సి వచ్చింది. ఆ చెట్టు నేల నుంచి లాగిన పొటాష్ ఎక్కడ ఉంటుంది? ఎక్కువగా డొక్కలోనూ, కాయ నీళ్లలోనూ ఉంటుంది. డొక్కను ఒక ధరకు పంపించి, అందులో ఉన్న పొటాష్‌నే ఇంకో ధరకు సముద్రం అవతలి నుంచి కొని తెచ్చుకుంటున్నాం.

రెండో కారణం నీరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి మన తోటల దాహం కాలువ మీద ఆధారపడింది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ రోజుల్లో సఖినేటిపల్లి, మలికిపురం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు ఇసుక నేలల్లో తోట చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బోరు వేద్దామంటే ఉప్పునీరు. అలాంటి నేలకు డొక్క నీటికుండ లాంటిది. అది తన బరువుకు మూడు నుంచి అయిదు రెట్లు నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది. పొట్టు అయితే ఎనిమిది రెట్లు.

డొక్క పాతడం ఎలాగో పాతవారికి తెలుసు. కుర్రవాళ్ల కోసం చెబుతున్నాం. చెట్టు మొదలుకు రెండు మీటర్ల దూరంలో గుండ్రంగానైనా, రెండు వరసల మధ్య పొడవుగానైనా అడుగున్నర పైచిలుకు లోతున కందకం తీయాలి. డొక్కల గుంట వైపు ఆకాశానికి ఉండేలా, దోసిలి పట్టినట్టు పరచాలి. బోర్లా వేస్తే నీరు జారిపోతుంది. ఒక వరస డొక్క, దానిమీద కాస్త మట్టి, మళ్లీ డొక్క. పైన మట్టి కప్పేయాలి. తొలకరి ముందు పూర్తి చేస్తే వానలన్నీ అందులోకి దిగుతాయి. ఒకసారి పాతితే అయిదు నుంచి ఏడేళ్లు పని చేస్తుంది. నిదానంగా కుళ్లుతూ పొటాష్ వదులుతుంది. అయితే పల్లపు తోటలకు, నీరు నిలిచే నల్లరేగడికి ఈ పద్ధతి వద్దు. అక్కడ వేరుకు కావలసింది నీరు కాదు, గాలి. ఊళ్లో అందరూ చేశారని మనం కూడా కందకం తవ్వేయకూడదు.

పొట్టు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. మిల్లు దగ్గర ఊరికే ఇస్తున్నారు కదా అని పచ్చి పొట్టు ట్రాక్టరు మీద తెచ్చి తోటలో పోసేస్తే మొక్కలు పచ్చబడతాయి. పచ్చి పొట్టులో ఒక పాలు నత్రజని ఉంటే 112 పాళ్లు కర్బనం ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేలలోంచి లాక్కుంటాయి. దాన్ని ముందు కంపోస్టు చేయాలి. నీడపట్టున పొట్టును పొరలుగా పేర్చుకోవాలి. పొర పొరకీ మధ్య ఒకసారి ముత్యపు చిప్ప పుట్టగొడుగుల విత్తనం, ఒకసారి యూరియా చల్లుకుంటూ పోవాలి. టన్ను పొట్టుకు అయిదు కిలోల యూరియా, కిలోన్నర పుట్టగొడుగు విత్తనం చాలు. తడి ఆరకుండా చూసుకోవాలి. రెండు నెలలకు పొట్టు నల్లబడి, మట్టి వాసన వస్తుంది. అప్పటికి ఆ 112 పాళ్ల కర్బనం 24కు దిగుతుంది. అలెప్పీ దగ్గర కలవూరులో ఉన్న కాయర్ పరిశోధన సంస్థ ఇదే పనికి పిత్‌ప్లస్ అనే పొడి తయారు చేసి ఇస్తోంది. పెద్ద యంత్రం ఏమీ అక్కర్లేదు. గొడ్లపాక పక్కన జాగా ఉంటే చాలు.

ఇంతవరకూ వ్యవసాయ శాఖ వారు చెప్పే మాటలే. వారు చెప్పని మాట ఇప్పుడు చెప్పాలి. డొక్క పాతమంటున్నాం సరే, పాతేది ఎవరు?

కోనసీమలో పొలాలేమిటి, తోటలేమిటి, కౌలు మీద నడిచేవి ఎన్నో మీకు మేము చెప్పనక్కర్లేదు. ఇవాళ చట్టం ప్రకారం కౌలుదారు చేతిలో ఉండే కాగితం ఏమిటి? 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం. దాని గడువు పదకొండు నెలలు. దానిమీద కూడా భూ యజమాని సంతకం పెడితేనే. పదకొండు నెలల కాగితం పట్టుకున్న మనిషి ఏడేళ్లు పనిచేసే డొక్కను సొంత కూలి పెట్టి ఎందుకు పాతుతాడు? పాతిన ఏడాది తర్వాత తోట ఇంకొకరికి పోతే ఆ నీరు, ఆ పొటాష్ వారికి పోతాయి. అందుకే డొక్క లోడు వచ్చిన ధరకు వెళ్లిపోతుంది. దీన్ని కౌలు రైతు అజ్ఞానం అనేవాళ్లను మేము విన్నాం. అతను లెక్క సరిగ్గానే వేశాడు. అతనికి ఇచ్చిన గడువే తప్పు. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న యజమానికి తోటలో డొక్క ఉందో పోయిందో తెలియదు. నేల మాత్రం ఏడాదికేడాది పలచబడుతోంది.

కాబట్టి మన సంఘం అడగాల్సింది ఇది. తోట కౌలు మాట్లాడుకునేటప్పుడే డొక్క, కమ్మ, కూలిన చెట్టు ఎవరివో కాగితం మీద రాయాలి. కౌలుదారు డొక్క పాతినా, పొట్టు ఎరువు వేసినా ఆ ఖర్చులో మిగిలిన ఏళ్ల వాటా, తోట దిగిపోయే రోజున యజమాని ఇవ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఇంట్లో అద్దెకున్న మనిషి సొంత డబ్బుతో బోరు వేయిస్తే యజమాని లెక్క చూడడా? తోటకూ అదే న్యాయం. యజమానుల్లోనూ మన సంఘ సభ్యులు ఉన్నారు. వారితో తగువు పెట్టుకోకుండా కూర్చుని ఒప్పించవచ్చు, ఎందుకంటే బాగుపడేది వారి చెట్టే.

ఇంకో వర్గం ఉంది. డొక్కకు ధర కట్టే హడావిడిలో వారిని మరిచిపోతే మనకూ దళారికీ తేడా ఉండదు. తోటల్లో రాలిన కమ్మ, నాలుగు డొక్కలు, మట్టలు ఏరుకుపోయి పొయ్యి వెలిగించుకునే కూలి ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కమ్మ నుంచి ఈనెలు దూసి చీపుళ్లు కట్టి సంతలో అమ్మే ఆడవాళ్లు ఉన్నారు. పాతదాన్ని కొత్త పనికి మళ్లించడం ఎలాగో మనకంటే ముందు తెలిసినవారు వాళ్లు. గ్యాసు బండ ధర చూశాక ఆ కమ్మ మీద చేయి వేయొద్దని వారితో చెప్పే ధైర్యం మాకైతే లేదు. ఏ తీర్మానం చేసినా వలుపు కార్మికులను, ఈనెలు తీసే అక్కలను కూర్చోబెట్టుకునే చేయాలి.

ఇప్పుడు కూలిన మాను సంగతి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానును చూసినవారు ఈ హాల్లో సగం మంది ఉంటారు. తెల్లారేసరికి లక్షల చెట్లు నేల మీద ఉన్నాయి. ఆ తర్వాత కూడా చిన్నా పెద్దా గాలివానలు, పిడుగులు, మొవ్వు కుళ్లు, గానోడెర్మా తెగులు చెట్లను పడగొడుతూనే ఉన్నాయి. పడిన మానును పక్కకు దొర్లించి వదిలేస్తే అది ఊరికే ఉండదు. కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది. కుళ్లిన మానులోనూ, పెంటకుప్పలోనూ దాని పిల్లపురుగు బలుస్తుంది. అయిదారు నెలల్లో రెక్కల పురుగై బతికున్న చెట్ల మొవ్వులోకి దూరుతుంది. విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు కనబడిందంటే అది వచ్చి వెళ్లినట్టే. అది చేసిన కన్నంలోంచి ఎర్రముక్కు పురుగు దిగుతుంది. అది దిగిన చెట్టును దక్కించుకోవడం చాలా కష్టం.

అందుకని మానుకు వెంటనే పని చెప్పాలి. అరవై ఏళ్లు దాటిన చెట్టు పై భాగం చేవ దేరి ఉంటుంది, నడుమ మెత్తగా ఉంటుంది. పై చేవను కోయించి గొడ్లపాక దూలాలకు, పందిరి గుంజలకు వాడవచ్చు. బోదె మీద దాటడానికి ఒక దుంగ వేయడం మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నదే. తెగులు సోకిన మానును మాత్రం చీల్చి కాల్చేయడమే మంచిది. పెంటకుప్పను కదపకుండా ఏళ్ల తరబడి ఉంచకూడదు. దానిలో మెటారైజియం శిలీంద్రం కలిపితే పిల్లపురుగులు చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇలాంటి జీవ నియంత్రణ పనుల్లో ఎప్పటినుంచో ఉంది. అక్కడికి వెళ్లి అడగండి. మన పన్నులతో నడిచే సంస్థ అది. మొహమాటం దేనికి?

కమ్మల గురించి రెండు మాటలు. చెట్టు ఏడాదికి పన్నెండు కమ్మల దాకా రాలుస్తుంది. ఎకరానికి ఎనిమిది వందల పైమాట. పేడనీళ్లతో తడిపి, వానపాములు వదిలితే మంచి ఎరువవుతుంది. అయితే తెల్లదోమ ఉన్న తోట నుంచి పచ్చి కమ్మలు వేరే ఊరికి పందిళ్లకో, దడులకో తోలవద్దు. పురుగును మన ట్రాక్టరు మీద ఎక్కించి చుట్టాలింటికి పంపినట్టు అవుతుంది.

రావులపాలెం, కొత్తపేట లంకల్లో అరటి వేసే మిత్రులకూ ఇదే వర్తిస్తుంది. గెల కోశాక మిగిలే బొందలో పొటాష్ నిండుగా ఉంటుంది. ముక్కలు కొట్టి చేలోనే కుళ్లబెట్టుకోవచ్చు, నార తీయవచ్చు. నరికి గట్టున వదిలేస్తే ముక్కుపురుగుకు ఇల్లు కట్టించినట్టే. పనామా తెగులు సోకిన చెట్టునైతే ఎరువులో కలపకూడదు.

డ్రెయిన్ల మాట కూడా ఇక్కడే వస్తుంది. 2011లో కోనసీమ రైతు నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో మళ్లీ విరామం మాట వినాల్సి వచ్చింది. గిట్టుబాటు ధర లేకపోవడం ఒక కారణమైతే, మురుగు పోక చేలు మునగడం ఇంకో కారణం. డ్రెయిన్లలో పూడిక, గుర్రపుడెక్క తీయించడం ప్రభుత్వ బాధ్యత. అందులో మనం ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గం. డొక్క, పొట్టు, బొంద కాలువ గట్టుకు చేరకుండా తోటలోనే పనికి పెడితే, పూడిక తీయించమని అధికారి ముందు నిలబడినప్పుడు మన గొంతు ఇంకా గట్టిగా ఉంటుంది. తీసిన గుర్రపుడెక్కను గట్టు మీదే పోసి వెళ్లిపోకుండా, కంపోస్టుకు పంచాయతీలకు అప్పగించమనీ అడగాలి. గట్టు మీద పోసినది తొలి వానకే మళ్లీ నీళ్లలోకి దిగుతుంది.

ఇక నేలకు పోను మిగిలిన డొక్క. అది అమ్మవలసిందే. ఇసుక నేల కాని తోటల్లో మిగిలేది ఎక్కువే ఉంటుంది. దాన్ని లోడు లెక్కన కాక, కాయల లెక్కన అమ్మాలి. లోడు అంటే ఎంతో ఎవరికీ తెలియదు. ట్రాక్టరు తొట్టిది ఒక సైజు, దానిపైన కట్టే దడిది ఇంకో సైజు. కాయలు వెయ్యి అని లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు డొక్కలకు వెయ్యి లెక్క ఎందుకు ఉండకూడదు? డొక్కతో సహా కాయ అమ్మేచోట అయితే, వలిచిన కాయ ధరకూ వలవని కాయ ధరకూ ఉన్న తేడా ఎంతో చీటీలో విడిగా రాయించుకోవాలి.

పీచుకు గిరాకీ పెరిగే దారి కూడా ఒకటి ఉంది. గ్రామీణ రోడ్ల కింద కాయర్ వలలు, జియో టెక్స్‌టైల్స్ అంటారు, పరచడానికి 2020లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద అనుమతి వచ్చింది. ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్లు అనుకుంటే అందులో ఆంధ్రప్రదేశ్‌కు 164 కిలోమీటర్లు. ఈ వల మెత్తటి నేలలో రోడ్డు కుంగకుండా, గట్టు జారకుండా పట్టి ఉంచుతుంది. మెత్తటి నేల, జారే గట్టు అనగానే మన డెల్టాయే గుర్తుకు రావాలి. ఏటిగట్టుకు, కాలువ గట్టుకు, పంచాయతీ రోడ్డుకు ఈ వల వాడాలని, ఆ పీచు కోనసీమ నుంచే కొనాలని సంఘం తీర్మానం చేయాలి. తాడు పేనడానికి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చే మహిళా కాయర్ యోజన లాంటివి ఉన్నాయి. శిక్షణ అయ్యాక సరుకు కొనేవాడు లేకపోతే ఆ యంత్రం మూల పడుతుంది. ముందు కొనుగోలు హామీ, తర్వాతే శిక్షణ అని అడుగుదాం.

ఒక పని పెట్టుకుని లేద్దాం. వచ్చే దింపుకు ప్రతి సభ్యుడూ నాలుగు అంకెలు రాసుకురావాలి. ఎన్ని కాయలు దిగాయి, ఎన్ని డొక్కలు తోటలో పాతారు లేక వాడారు, ఎన్ని కూలి ఇళ్లకు పోయాయి, ఎన్ని ఏ ధరకు అమ్మారు. కౌలుదారులు అయితే కౌలు కాగితంలో డొక్క గురించి ఏమన్నా రాశారో లేదో అది కూడా. అంబాజీపేట, అమలాపురం, రాజోలు, కొత్తపేట శాఖల నుంచి వచ్చిన అంకెలు కలిపి పత్రికలో వేస్తాం. ఆ కాగితం పట్టుకునే కలెక్టరు దగ్గరకు వెళ్తాం.